వాచ్‌మెన్: పెద్దలు చదివే సూపర్‌హీరో కథ

ఇంతవరకు మీరు అక్షరాలతో నడిచే నవలలను విమర్శ దృష్టితో ఎలా చదవాలో చూశారు. ఈ పాఠంలో బొమ్మలతో నడిచే ఒక నవలను తీసుకుంటున్నాం. దాని పేరు ‘వాచ్‌మెన్’. అలన్ మూర్ రాశారు, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేశారు, జాన్ హిగ్గిన్స్ రంగులు వేశారు. ముగ్గురూ ఇంగ్లండువారు. ప్రచురించింది మాత్రం అమెరికాకు చెందిన డీసీ కామిక్స్ సంస్థ. 1986, 1987 సంవత్సరాల్లో 12 సంచికలుగా వెలువడి, 1987లోనే ఒకే పుస్తకంగా వచ్చింది. 1988లో హ్యూగో పురస్కారం పొందింది. 1923 తరువాత వచ్చిన ఆంగ్ల నవలల్లో ఉత్తమమైన 100 నవలల జాబితాను టైమ్ పత్రిక 2005లో ప్రకటించినప్పుడు అందులో దీనికీ చోటు దక్కింది.

ముసుగులు వేసుకుని దొంగలను పట్టే వీరుల కథకు డిగ్రీ పాఠంలో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. అలా అనిపించడం సహజమే. బొమ్మల కథ అనగానే మనకు చిన్ననాటి చందమామ గుర్తుకు వస్తుంది. పెద్దయ్యాక వదిలేసే వస్తువుల్లో అదీ ఒకటి అనుకుంటాం. ఈ సందేహానికి సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది: ఇందులో హత్యలు, రక్తం, లైంగిక విషయాలు, నిరాశ ఉన్నాయి, అందుచేత ఇది పెద్దల పుస్తకం. ఆ జవాబు చాలదు. రక్తం చిందినంత మాత్రాన కథకు వయసు రాదు. ‘వాచ్‌మెన్’ ఎదిగిన పాఠకుణ్ణి పట్టి ఉంచడానికి కారణం వేరే చోట ఉంది. వీరులు చేసే పనులకు మూల్యం చెల్లించేది ముసుగు లేని మామూలు మనుషులే అని అది చివరిదాకా మరవదు. తీర్పు చెప్పే పనిని కూడా ఎవరికీ అప్పగించకుండా మనకే వదిలేస్తుంది. ఈ రెండూ పుస్తకంలో ఎక్కడెక్కడ, ఎలా జరుగుతున్నాయో చూద్దాం.

కథ మొత్తం, ముగింపుతో సహా, ఇక్కడ చెప్పేస్తున్నాం. దానివల్ల మీకు నష్టం లేదు. ఈ నవల రెండోసారి చదివేవారికే ఎక్కువ దొరుకుతుంది.

నేపథ్యం

అమెరికాలో 1954వ సంవత్సరం బొమ్మల పుస్తకాలకు గడ్డుకాలం. ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు ఈ పుస్తకాలే పిల్లలను చెడగొడుతున్నాయని ఒక గ్రంథం రాశాడు. అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి విధించుకున్నారు. దాని ప్రకారం ప్రతి కథలో మంచే గెలవాలి. పోలీసులనూ న్యాయమూర్తులనూ గౌరవం తగ్గేలా చూపకూడదు. నియమాలు పాటించిన పుస్తకాల అట్ట మీద ఒక ముద్ర ఉండేది. ఆ ముద్ర లేని పుస్తకాన్ని పత్రికల దుకాణాల్లో అమ్మడం కష్టం. కాలక్రమంలో కేవలం బొమ్మల పుస్తకాలే అమ్మే ప్రత్యేక దుకాణాలు వచ్చాయి. వాటికి ఆ ముద్రతో పని లేదు. చిన్నప్పటి నుంచి ఇవే చదువుతూ పెద్దవాళ్లయిన పాఠకులు ఆ దుకాణాలకు వచ్చేవారు. ‘వాచ్‌మెన్’ ఆ దారినే వచ్చింది. 1986లోనే ఫ్రాంక్ మిల్లర్ రచించిన బ్యాట్‌మన్ కథ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’, ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’ మొదటి సంపుటం కూడా వెలువడ్డాయి. ఈ మూడింటినీ ఒక గాటన కట్టే అలవాటు ఉంది గాని, వాటి స్వభావాలు వేరు.

ఇంకొక విషయం తెలిసి ఉండాలి. డీసీ సంస్థ చార్ల్‌టన్ అనే మరో ప్రచురణ సంస్థ నుంచి కొన్ని పాత వీరుల పాత్రలను కొన్నది. మూర్ మొదట ఆ పాత్రలతోనే కథ అల్లారు. ఆ కథ పూర్తయ్యేసరికి పాత్రలు మళ్లీ వాడుకోవడానికి పనికిరాకుండా పోతాయని గ్రహించిన సంపాదకుడు డిక్ జోర్డానో, కొత్త పాత్రలను సృష్టించుకోమని సలహా ఇచ్చాడు. ఈ వ్యాపార నిర్ణయమే నవలకు మేలు చేసింది. నెలనెలా కొనసాగే కథల్లో వీరుడు ముసలివాడు కాడు, చావడు, మారడు. ఇక్కడి పాత్రలకు ఆ రక్షణ లేదు.

కథ

నవలలోని కాలం 1985, ప్రధానమైన స్థలం న్యూయార్క్ నగరం. అయితే అది మనకు తెలిసిన 1985 కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా గెలిచింది, నిక్సన్ ఇంకా అధ్యక్షుడుగానే ఉన్నాడు. కారణం డాక్టర్ మాన్‌హట్టన్. ఇతడు జాన్ ఆస్టర్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త. 1959లో ఒక ప్రయోగశాల ప్రమాదంలో శరీరం పోయి, పదార్థాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చగల నీలిరంగు మనిషిగా తిరిగి వచ్చాడు. మిగిలిన వీరులకు అలాంటి శక్తులు లేవు. వాళ్లు ముసుగులు వేసుకున్న మామూలు మనుషులు. 1977లో వచ్చిన ఒక చట్టం వాళ్ల పనిని నిషేధించింది.

ఎడ్వర్డ్ బ్లేక్ అనే వ్యక్తిని ఎవరో ఎత్తైన భవనం కిటికీలోంచి తోసి చంపడంతో కథ మొదలవుతుంది. అతడు ప్రభుత్వం తరఫున పనిచేసిన కమెడియన్ అనే వీరుడు. చట్టాన్ని లెక్కచేయకుండా ఇంకా తిరుగుతున్న రోర్షాక్ ఈ హత్య రహస్యం ఛేదించాలని బయలుదేరి, పాత సహచరులను ఒక్కొక్కరినే కలుస్తాడు. డాన్ డ్రైబర్గ్ బొజ్జ పెరిగిన, దిగులు నిండిన నడివయసు మనిషి. లారీ తల్లి బలవంతం మీద ఈ వృత్తిలోకి వచ్చిన స్త్రీ. ఏడ్రియన్ వైట్ లోకంలోకెల్లా తెలివైనవాడని పేరు పొందిన కోటీశ్వరుడు. ఇదే సమయంలో అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య అణుయుద్ధం ముంచుకొస్తుంటుంది. హంతకుడు వైట్ అని చివరికి తెలుస్తుంది. ఒక వికృత జీవిని తయారుచేయించి, న్యూయార్క్ మీద ప్రయోగించి, అది మరో లోకం నుంచి వచ్చిన దాడి అని ప్రపంచాన్ని నమ్మించడం అతడి పథకం. లక్షల మంది చస్తారు. ఆ భయంతో రెండు అగ్రరాజ్యాలూ యుద్ధం మానేస్తాయి. పథకాన్ని ఆపడానికి మిగిలినవారు అతడి దగ్గరికి చేరేసరికి పని పూర్తయి 35 నిమిషాలు గడిచిపోయాయి.

పుస్తకం పేరు గురించి చిన్న మాట. మన వాడుకలో వాచ్‌మన్ అంటే అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చునే కాపలాదారు. ఆంగ్లంలోనూ మొదటి అర్థం అదే. కాపలా కాసేవారి మీద కాపలా ఎవరన్న రోమన్ కవి జువెనల్ ప్రశ్న నుంచి ఈ పేరు వచ్చింది. ఈ ప్రశ్న నవలలో గోడల మీది రాతగా పదేపదే కనిపిస్తుంది, కానీ ఏ గడిలోనూ పూర్తిగా కనిపించదు. ఆ పదంలోనే గడియారం అన్న అర్థం కూడా ఉంది. జాన్ తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. ప్రతి అధ్యాయం చివర అర్ధరాత్రికి దగ్గరవుతున్న ఒక గడియారం బొమ్మ ఉంటుంది.

పేజీలో తొమ్మిది గళ్లు

బొమ్మల నవలను విమర్శించేటప్పుడు విద్యార్థులు తరచు చేసే పొరపాటు, కథ గురించి మాత్రమే రాసి ఊరుకోవడం. అలా రాస్తే పద్యకావ్యాన్ని ఛందస్సు ప్రస్తావన లేకుండా విమర్శించినట్లవుతుంది. ఈ పుస్తకానికీ ఒక ఛందస్సు ఉంది. గిబ్బన్స్ చాలా పేజీలను అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది సమానమైన గళ్లుగా విభజించారు. సూపర్‌హీరో పుస్తకాల్లో సాధారణంగా గళ్లు పగిలిపోతుంటాయి. వీరుడి పిడికిలి గీత దాటి బయటికి దూసుకొస్తుంది. ఇక్కడ అలా జరగదు. దెబ్బలాట అయినా, కాఫీ తాగడమైనా ఒకే కొలత గడిలో ఇమడాలి. ఆ ఏకరూపత గడియారం టిక్కుటిక్కులా పనిచేస్తుంది. మనసులోని మాటలు చూపే మబ్బు బుడగలు లేవు. గుద్దు పడినప్పుడు వచ్చే శబ్దాన్ని పెద్ద అక్షరాలతో రాయడం లేదు. హిగ్గిన్స్ కూడా వీరుల కథలకు అలవాటైన ఎరుపు, నీలం, పసుపులను వెనక్కి నెట్టి ఊదా, గోధుమ, నారింజ, ఆకుపచ్చ ఛాయలను ముందుకు తెచ్చారు. పాత్ర ఏమనుకుంటోందో చెప్పేవారు లేరు కాబట్టి, మనమే ముఖాలు చూసి ఊహించుకోవాలి.

మొదటి పేజీనే తీసుకోండి. మురుగు కాలువ అంచున నెత్తురు మరక పడ్డ నవ్వు ముఖం బిళ్ల. అక్కడి నుంచి చూపు మెల్లగా పైకి లేస్తుంది. కాలిబాట మీది రక్తాన్ని ఒకడు నీళ్లతో కడుగుతుంటాడు. లోకం అంతమవబోతోందని రాసిన పలక పట్టుకున్న ఎర్రజుట్టు మనిషి ఆ రక్తంలోనే కాలుపెట్టి, ఎర్రని అడుగుజాడలు వదులుతూ నడిచిపోతాడు. చూపు ఇంకా పైకి, హత్య జరిగిన కిటికీ దాకా వెళుతుంది. పక్కన రోర్షాక్ దినచర్యలోని మాటలు వినిపిస్తుంటాయి. ఆ దినచర్య రాస్తున్నది పలక పట్టుకుని నడిచిన ఆ మనిషేనని మనకు అయిదో అధ్యాయం చివరగ్గాని తెలియదు. ముసుగు తీస్తే బయటపడ్డ ముఖం అదే. అంతకు ముందు అతణ్ణి ఎన్నోసార్లు చూశాం, ఒక్కసారీ పట్టించుకోలేదు. వీధిలో కనిపించే బీదవాణ్ణి చూసీ చూడనట్లు వెళ్లిపోయే మన అలవాటును పుస్తకం ఇలా మనమీదే ప్రయోగిస్తుంది.

నాలుగో అధ్యాయం ఈ రూపానికి శిఖరం. మాన్‌హట్టన్ అంగారక గ్రహం మీద ఒంటరిగా కూర్చుని ఒక పాత ఫొటో చూస్తుంటాడు. అతడికి గతం, వర్తమానం, భవిష్యత్తు ఒకేసారి కనిపిస్తాయి. అచ్చులో ఉన్న వాక్యం దీన్ని వర్ణించగలదు గాని చూపలేదు. వాక్యం ఒకదాని తరువాత ఒకటిగానే సాగాలి. బొమ్మల పేజీలో 1945, 1959, 1985 పక్కపక్క గళ్లలో ఉంటాయి, మన కన్ను వాటన్నిటినీ ఒకేసారి చూస్తుంది. అంటే పేజీని చూస్తున్న మనం కాసేపు అతడి స్థితిలోనే ఉంటాం. అన్నీ కనిపిస్తున్నా ఏదీ మార్చలేకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు అర్థమవుతుంది. వియత్నాంలో కమెడియన్ ఒక గర్భిణిని కాల్చి చంపుతున్నప్పుడు మాన్‌హట్టన్ అక్కడే నిలబడి చూశాడు. ఆపగల శక్తి ఉండి కూడా ఆపలేదు. సర్వశక్తిమంతుడు మనల్ని పట్టించుకోకపోతే ఆ శక్తి వల్ల మనకేమిటి అన్న ప్రశ్న దేవుణ్ణి నమ్మేవారికీ నమ్మనివారికీ ఒకేలా తగులుతుంది.

రోర్షాక్ మీద మన ఇష్టం

ఈ పుస్తకం చదివిన వారిలో చాలామందికి నచ్చే పాత్ర రోర్షాక్. ఎందుకు నచ్చుతాడన్నదే ఈ పాఠంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న.

అతడి అసలు పేరు వాల్టర్ కోవాక్స్. వేశ్య అయిన తల్లి చేతిలో దెబ్బలు తిని పెరిగాడు. ముసుగు మీద నల్లని మరకలు ఎప్పుడూ కదులుతూ ఆకారం మారుతుంటాయి. అయితే నలుపు, తెలుపు ఎక్కడా కలిసి బూడిదరంగు కావు. అతడి లోకదృష్టి కూడా అంతే. ఆ ముసుగు బట్టకు ఒక కథ ఉంది. అతడు పనిచేసే దుస్తుల కర్మాగారంలో ఒక యువతి ఆ బట్టతో గౌను కుట్టించుకుని, నచ్చక వదిలేసింది. 1964లో ఆమె హత్య జరిగిందని, పొరుగువారు చూస్తూ ఊరుకున్నారని అతడు పత్రికలో చదివాడు. మనుషుల మీద అసహ్యంతో ఆ బట్టను ముఖానికి తొడుక్కున్నాడు. ఆమె పేరు కిట్టీ జెనోవీస్. అది న్యూయార్క్‌లో నిజంగా జరిగిన హత్య. పదుల మంది చూస్తూ నిలబడ్డారన్న ఆనాటి వార్త చాలావరకు అతిశయోక్తి అని తరువాత తేలింది. నవల రాసేనాటికి అందరూ నమ్మిన కథ అది. ఈనాడు చదివే మనకు మాత్రం మరో పొర కనిపిస్తుంది: మానవజాతి మీద రోర్షాక్ ఇచ్చిన తీర్పుకు ఆధారం ఒక తప్పుడు వార్త.

అతడు స్త్రీలను, స్వలింగ సంపర్కులను, కమ్యూనిస్టులను, ఉదారవాదులను ద్వేషిస్తాడు. సమాచారం కోసం అమాయకుల వేళ్లు విరుస్తాడు. ఒంటికి వాసన. స్నేహితుడు లేడు, డాన్ ఒక్కడు తప్ప. ఈ దారిని అనుసరించవద్దని చూపడానికే ఈ పాత్రను సృష్టించానని, అందులో తమను తాము చూసుకునే అభిమానులు కలవరపెట్టారని మూర్ తరువాతి ఇంటర్వ్యూలలో చెప్పారు. అయితే రచయిత ఉద్దేశం చెప్పినంత మాత్రాన విమర్శకుడి పని తీరదు. రోర్షాక్ మనకు నచ్చేలా పుస్తకమే చేసింది. కథను నడిపేది అతడే, మొదటి మాట అతడిదే. అందరూ రాజీపడిన చోట పడనివాడూ అతడే.

ఆ రాజీని ఒకసారి చూడండి. వైట్ పథకం వల్ల యుద్ధం ఆగింది. నిజం బయటపెడితే చనిపోయినవారు తిరిగి రారు, యుద్ధం మాత్రం రావచ్చు. మాన్‌హట్టన్, డాన్, లారీ మౌనంగా ఉండటానికి ఒప్పుకుంటారు. రోర్షాక్ ఒప్పుకోడు. మంచులోకి నడిచిపోతాడు, మాన్‌హట్టన్ అడ్డుపడినప్పుడు ముసుగు తీసి, ఏడుస్తూ, తనను చంపమంటాడు. ఆ ముఖం చూసినప్పుడు గొంతు పట్టేయని పాఠకులు తక్కువ. మరి ఇతడే చిన్నప్పుడు బడిలో రాసిన ఒక వ్యాసం ఆరో అధ్యాయం చివర అచ్చయి ఉంది. జపాన్ మీద అణుబాంబు వేసి అంతకన్నా ఎక్కువ ప్రాణాలను కాపాడాడని ట్రూమన్ అధ్యక్షుణ్ణి అందులో మెచ్చుకుంటాడు. వైట్ వాదన అక్షరాలా అదే. పుస్తకం ఈ రెండు చోట్లనూ కలిపి చూపదు, వేలెత్తి చెప్పదు. గుర్తుంచుకున్న పాఠకుడికే అది దొరుకుతుంది. అది తెలిశాక రోర్షాక్ మరణం మనల్ని కదిలించడం ఆగదు. కాకపోతే అతడు సూత్రానికి కట్టుబడ్డాడని చెప్పడం అంత తేలిక కాదు.

చందమామలో బేతాళ కథలు చదివినవారికి ఈ ఇరకాటం కొత్త కాదు. బేతాళుడు చిక్కుముడి వేసి అడుగుతాడు, విక్రమార్కుడు మౌనం వీడి జవాబు చెబుతాడు, శవం చెట్టెక్కుతుంది. ‘వాచ్‌మెన్’లో బేతాళుడు ఉన్నాడు, విక్రమార్కుడు లేడు.

వీధి మూల

నా ఉద్దేశంలో ఈ నవలకు గుండె వీరుల దగ్గర లేదు, ఒక వీధి మూల మీద ఉంది. అక్కడ బెర్నార్డ్ అనే ముసలాయన పత్రికలు అమ్ముతుంటాడు. అన్ని వార్తలూ తెలిసినవాడిలా ఎప్పుడూ ఏదో వాగుతుంటాడు. పక్కనే నల్లజాతి కుర్రవాడొకడు నేలమీద కూర్చుని, సముద్రపు దొంగల బొమ్మల పుస్తకం డబ్బివ్వకుండా చదువుతుంటాడు. నిజంగా వీరులు ఉన్న లోకంలో వీరుల కథలు ఎవరికి కావాలి? అందుకే అక్కడ సముద్రపు దొంగల కథలు అమ్ముడవుతాయి. ఇది మూర్ చమత్కారం. ఆ పుస్తకంలోని కథ మాత్రం చమత్కారం కాదు. ఓడ మునిగి బతికిన నావికుడొకడు తన ఊరిని దొంగల నుంచి కాపాడాలని, తోటివారి శవాలతో తెప్ప కట్టుకుని ఇంటికి చేరతాడు. ఊరు అప్పటికే దొంగల చేతిలో ఉందని భ్రమపడి అమాయకులను చంపుతాడు, చీకట్లో సొంత భార్య మీదనే దాడి చేస్తాడు. శవాల తెప్ప మీద మంచి పనికి బయలుదేరినవాడు ఎవరో మీకు పన్నెండో అధ్యాయంలో తెలుస్తుంది.

అదే మూలకు ఇంకొందరు వస్తూ పోతుంటారు. వారిలో డాక్టర్ మాల్కమ్ లాంగ్ ఒకడు. జైల్లో ఉన్న కోవాక్స్‌కు చికిత్స చేయబోయి, అతడు చెప్పిన విషయాలు విని తానే కుంగిపోయిన మానసిక వైద్యుడు ఇతడు. ఆరో అధ్యాయం అతడి నిరాశతోనే ముగుస్తుంది. సిరా మరకలో అర్థం లేని చీకటి తప్ప మరేమీ కనిపించని స్థితి. చాలామంది అనుకరణకర్తలు ఇక్కడే పుస్తకం మూసేసినట్లున్నారు. పదకొండో అధ్యాయంలో మాల్కమ్ మళ్లీ కనిపిస్తాడు. అలిగి వెళ్లిపోయిన భార్య రాజీకి వచ్చింది. అంతలో వీధిలో ఇద్దరు ఆడవాళ్ల మధ్య కొట్లాట మొదలవుతుంది. ఇప్పుడు గనక అందులో తలదూరిస్తే ఇక మన మధ్య ఏమీ లేదని భార్య హెచ్చరిస్తుంది. అతడు క్షమించమని చెప్పి, విడదీయడానికి వెళతాడు. శక్తులు లేవు, ముసుగు లేదు, పథకం లేదు. ఎదురుగా ఎవరో దెబ్బలు తింటున్నారు, అంతే. వైట్ లక్షల మందిని లెక్కగట్టి చేసిన పనికి, మాల్కమ్ ఒక్కరి కోసం చేసిన ఈ పనికి మధ్య దూరాన్ని నవల ఎక్కడా వ్యాఖ్యానించదు.

సరిగ్గా అప్పుడే వెలుగు వస్తుంది. ముసలాయన, తన పేరే పెట్టుకున్న ఆ కుర్రవాణ్ణి దగ్గరికి లాక్కుని ఒంటితో కప్పుతాడు. గళ్లలో వాళ్ల రూపాలు కలిసిపోతూ, చివరికి తెల్లని కాగితం మిగులుతుంది.

పన్నెండో అధ్యాయం తెరవగానే వరుసగా ఆరు నిండు పేజీల బొమ్మలు. తొమ్మిది గళ్ల గడియారం ఆగిపోయింది. మాటలు లేవు. వీధుల నిండా శవాలు, పైనుంచి వేలాడుతున్న ఆ వికృత జీవి అవయవాలు. అలంకారశాస్త్రం చదివిన మీరు దీన్ని బీభత్స రసం అంటారు. రక్తమాంసాల వర్ణన వరకు అది నిజమే. అయితే ఆ శవాల్లో ముఖాలు మనకు తెలుసు. పత్రికలమ్మే ముసలాయన, కుర్రవాడు, డాక్టరు, అతడి భార్య, కొట్లాడుకున్న ఇద్దరు. పదకొండు అధ్యాయాల పాటు వాళ్ల చిల్లర కబుర్లు వినిపించి, విసుగు పుట్టించి, అలవాటు చేసి, ఇప్పుడు చూపారు. అందువల్ల ఇక్కడ బీభత్సం కింద కరుణ ఉంది. ముందటి ఏర్పాటు లేకుండా ఈ ఆరు పేజీలు మాత్రమే చూపిస్తే అది భయానక చిత్రం పోస్టరు మాత్రమే.

ఒప్పుకోలేని చోటు

మంచి పుస్తకం అన్నంత మాత్రాన అన్నీ మెచ్చుకోనక్కర్లేదు. స్త్రీ పాత్రల విషయంలో ఈ నవల బలహీనం. లారీ తల్లి శాలీ మీద యౌవనంలో కమెడియన్ అత్యాచారానికి ప్రయత్నించాడు. చాలా ఏళ్ల తరువాత ఆమె ఇష్టపూర్వకంగా అతడి దగ్గరికి వెళ్లిందని, లారీ అతడి కూతురేనని తెలుస్తుంది. మనుషుల మనసు ఇంత చిక్కుగా ఉంటుందని చూపడం రచయిత ఉద్దేశం కావచ్చు. కానీ శాలీ లోపల ఏం జరిగిందో చూపే పేజీలు లేవు. కూతురి కన్నీళ్ల ద్వారా, చివర్లో ఒక ఫొటోకు ఆమె పెట్టిన ముద్దు ద్వారా మాత్రమే తెలుసుకోవాలి. రోర్షాక్ బాల్యానికి ఒక అధ్యాయమంతా దొరికింది. ఆమెకు దొరకలేదు. లారీకి కూడా ఎవరి కూతురు, ఎవరి ప్రియురాలు అన్న గుర్తింపే ఎక్కువ.

చీటీ, అనుకరణ

‘వాచ్‌మెన్’ ఇంకా వెలువడుతున్న రోజుల్లోనే, 1987 తొలి నెలల్లో, డీసీ సంస్థ తన పుస్తకాల మీద ఎదిగిన పాఠకులకు అనే తరహా చీటీలు వేయాలనుకుంది. దాన్ని గట్టిగా వ్యతిరేకించిన రచయితల్లో మూర్ ఒకరు, మిల్లర్ మరొకరు. ఆ వివాదం మూర్ ఆ సంస్థకు దూరం కావడానికి ఒక కారణమైంది. పెద్దల పుస్తకమని పేరుపడ్డ రచన చేసిన మనిషే పెద్దల కోసం అనే చీటీని తిరస్కరించడం మీకు వింతగా అనిపించవచ్చు. కాస్త ఆలోచిస్తే వింత లేదు. చీటీ లెక్కపెట్టేది కనిపించే వాటినే: రక్తం ఎంత, నగ్నత్వం ఎంత. అమ్మకానికి ఆ లెక్క చాలు. తరువాతి ఏళ్లలో వచ్చిన ఎన్నో వీరుల కథలు ఆ లెక్కనే పట్టుకున్నాయి. వీరుడికి నాలుగు రోజుల గడ్డం, వర్షం కురిసే రాత్రి, విరిగిన ఎముకలు. ఆ ధోరణి చూసి మూర్ తానే పలుమార్లు విచారం వెలిబుచ్చారు.

జాక్ స్నైడర్ దర్శకత్వంలో 2009లో వచ్చిన సినిమా ఇందుకు మంచి ఉదాహరణ. బొమ్మలను ఎంతో శ్రద్ధగా తెరమీదికి తెచ్చారు. దుస్తులు, రంగులు, కోణాలు పుస్తకంలోవే. కానీ దెబ్బలాటలను నెమ్మదిగా సాగదీసి అందంగా చూపారు. పుస్తకంలో ఇరుకు గడిలో, వికారంగా, క్షణంలో ముగిసే హింస అది. థియేటర్లలో విడుదలైన ప్రతిలో వీధి మూల దాదాపు లేనట్లే. అందువల్ల నగరం పేలిపోయినప్పుడు మనం పోగొట్టుకున్నవారు ఎవరూ ఉండరు. మూర్ తన పేరును ఆ సినిమాకు వాడుకోనివ్వలేదు.

అభ్యాసం

నవల చివరి పేజీ ఒక మితవాద పత్రిక కార్యాలయంలో జరుగుతుంది. రెండు అగ్రరాజ్యాలూ స్నేహితులైపోవడంతో రష్యాను తిట్టే వ్యాసం వేసే వీలులేదు, పేజీలు ఖాళీగా ఉన్నాయి. పిచ్చివాళ్లు పంపే కాగితాల కుప్పలోంచి ఏదో ఒకటి తీసి వేయమని సంపాదకుడు సేమర్ అనే సహాయకుడికి చెబుతాడు. రోర్షాక్ చనిపోయే ముందు పంపిన దినచర్య ఆ కుప్పలోనే ఉంది. సేమర్ చొక్కా మీద నవ్వు ముఖం బొమ్మ, దాని మీద ఇప్పుడే తిన్న బర్గర్ సాస్ మరక. ఈ గడిని మొదటి పేజీలోని మొదటి గడి పక్కన పెట్టి చూడండి. అక్కడ మరక రక్తం, ఇక్కడ సాస్. సేమర్ చేయి కుప్ప వైపు చాచి ఉండగా పుస్తకం ఆగిపోతుంది.

ఆ చేయి దినచర్య మీద పడాలని మీరు కోరుకున్నారా, పడకూడదనా? రెండు పేజీలు మించకుండా రాయండి. కారణాలు నవలలోని గళ్ల నుంచే చూపండి. కనీసం ఒకటి వీధి మూల నుంచి తీసుకోండి.